ప్రోబయోటిక్ వాడితే బ్రాయిలర్ కోళ్లకు టీకాలు, మందులు మానేయొచ్చా?

మానేయకూడదు, ప్రోబయోటిక్ (మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా) కోడి పేగును బాగుచేస్తుందే తప్ప టీకా పని చేయదు, ముదిరిన రోగాన్ని నయం చేయదు.

హ్యాచరీ (యంత్రాలతో గుడ్లు పొదిగించే చోటు) నుంచి వచ్చిన పిల్లకు తల్లికోడి వెంట తిరిగే యోగం ఉండదు కాబట్టి, తల్లి నుంచి అందాల్సిన మంచి బ్యాక్టీరియా అందదు. పేగు దాదాపు ఖాళీ. అక్కడ ముందు చేరినవాళ్లదే రాజ్యం. లాక్టోబాసిల్లస్ లాంటి మంచి బ్యాక్టీరియా ముందే చేరితే పేగు గోడను ఆక్రమించి, లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ పులుపులో ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి చెడ్డ బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగలేవు. అందుకే మొదటి వారంలో ఇచ్చింది ఎక్కువ పనికొస్తుంది. పేగు బాగుంటే రెట్ట గట్టిగా పడుతుంది, లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచిన పొట్టు) కూడా పొడిగా ఉంటుంది.

షాద్‌నగర్ వైపు ఒక షెడ్డు ఉందనుకోండి. రాత్రి బోరు నీళ్ల ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపారు. పొద్దున్నే అదే నీళ్లలో ప్రోబయోటిక్ పొడి వేశారు. క్లోరిన్‌కు మంచి క్రిమి, చెడ్డ క్రిమి అనే తేడా తెలియదు, అన్నిటినీ చంపుతుంది. డబ్బు అక్షరాలా నీళ్లపాలు! యాంటీబయోటిక్ నడుస్తుండగా ఇచ్చినా చాలావరకు ఇదే గతి. పెల్లెట్ దాణా తయారీలోని వేడిని మాత్రం బాసిల్లస్ అనే మరో రకం ప్రోబయోటిక్ బ్యాక్టీరియా బీజాలు బాగా తట్టుకుంటాయి.

‘ఇది వేస్తున్నాం కదా, ఇక టెన్షన్ లేదు’ అనుకోవడమే అసలు పొరపాటు. కొక్కెర తెగులు, గంబోరో రెండూ వైరస్ రోగాలు. వాటికి టీకాయే అడ్డు. రెట్టలో రక్తం కనిపిస్తే కాక్సిడియోసిస్ అనే పేగు పరాన్నజీవి రోగం కావచ్చు. అప్పుడు పొడి మోతాదు పెంచడం కాదు, పశువైద్యుడికి చూపించాలి.