తొలకరి అని పెడితే నవ్వుతారా?

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది పల్నాడు. పెళ్లయ్యాక ఐదేళ్లుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. కాన్పుకి పుట్టింటికి వెళ్తే జూన్‌లో పాప పుట్టింది. ఆ రాత్రే ఊళ్లో మొదటి వాన. రెండేళ్లుగా పంట చేతికి రాక దిగాలుగా ఉన్న మా నాన్న తడిసిన బట్టలతోనే ఆస్పత్రికి వచ్చి, పాపని చూసి "తొలకరి వచ్చిందమ్మా" అన్నారు. వానని అన్నారో పాపని అన్నారో గానీ నాకు ఆ పేరు అప్పుడే మనసులో పడిపోయింది. మావారికీ ఇష్టమే. అత్తయ్య మాత్రం "అదేం పేరు, ఎవరైనా పెట్టుకున్నారా" అంటున్నారు. పాపది హస్త మూడో పాదం, ఆ అక్షరంతోనే పెట్టాలట. ఆఫీసులో తమిళ స్నేహితురాలికి చెబితే "కరియా?" అని నవ్వేసింది. అప్పటి నుంచి టెన్షన్. సర్టిఫికెట్‌లో మామూలు పేరేదైనా రాయించి ఇంట్లో తొలకరి అని పిలుచుకోమంటారా? వచ్చే నెల బారసాల.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: తల్లీ, మీ నాన్నగారి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పేరు చాలా బాగుంది. అయినా మీ స్నేహితురాలి నవ్వు గురించే ముందు మాట్లాడదాం, ఎందుకంటే మీరు రాసినవాటిలో నాకు బరువుగా అనిపించింది అదే.

తమిళంలో కరి అంటే బొగ్గు, అక్షరం మారితే కూర, మాంసం. పాప చదివేది చెన్నై బడిలో, ఆడుకునేది తమిళ పిల్లలతో, కాబట్టి ఇది కొట్టిపారేసే సంగతి కాదు. ఆమె నవ్వింది పాపని చూసి కాదు, చెవికి తగిలిన మాట విని. మీ అపార్ట్‌మెంట్లో బడికెళ్లే పిల్లలున్న ఇద్దరు ముగ్గురు తమిళ తల్లుల్ని అడగండి. "పేరు ఎలా ఉంది" అని అడిగితే మర్యాదకి బాగుందంటారు, "పిల్లలు దీన్ని పట్టుకుని ఏమని ఏడిపిస్తారు" అని అడగండి. నాకు తోచింది ఒకటి చెప్తాను: ముద్దుపేరు మీరే ముందుగా ఖాయం చేయండి. తొలి అని పిలవండి. తమిళంలో తోళి అంటే స్నేహితురాలు, పలుకు అచ్చంగా అదే కాకపోయినా వాళ్ల చెవికి అటువైపే వినిపిస్తుంది. పిల్లలు పిలుచుకునేది ఎలాగూ చిన్న పేరుతోనే, అది చేతికి అందుబాటులో ఉంటే పొడుగు పేరుని ముక్కలు చేసి ఏడిపించడం తగ్గుతుంది.

అచ్చ భాషలో పేరంటే చెన్నైలో మాత్రం ఎవరూ వింతగా చూడరు. నిలా, యాళిని, కయల్‌విళి లాంటి పేర్లు పెట్టుకునే ఊరది. 1916లో తనిత్తమిళ ఉద్యమం (సంస్కృతం కలవని అచ్చ తమిళమే వాడాలనేది) మొదలైనప్పుడు దాని పెద్ద వేదాచలం గారు తన పేరునే తమిళం చేసుకుని మఱైమలై అడిగళ్ అయ్యారు (మఱై అంటే వేదం, మలై అంటే కొండ). ఇంకా వింత పేరు కావాలంటే, 1953 మార్చి 1న పుట్టిన కొడుక్కి, అదే వారం చనిపోయిన రష్యా నాయకుడి పేరు పెట్టారు కరుణానిధి. ఆ స్టాలిన్ 2021లో ముఖ్యమంత్రి అయ్యారు. పాప పేరుకి అర్థం అడిగినవాళ్లకి "మొదటి వాన" అని తమిళంలోనే చెప్పండి, ముదల్ మళై. జూన్‌లో మొదటి వానేంటి అంటారేమో, అక్కడ పెద్ద వానలు అక్టోబరు తర్వాతే కదా, అప్పుడు మీ ఊరి సంగతి, మృగశిర కార్తె సంగతి చెప్పొచ్చు.

ఇక అత్తయ్యగారు. హస్తకి పంచాంగంలో ఉండే అక్షరాలు పూ, ష, ణ, ఠ. మూడో పాదం అంటే ణ. ణతో మొదలయ్యే పేరు తెలుగులో ఏదమ్మా? అలాంటప్పుడు పెద్దవాళ్లే జన్మనామం వేరుగా అనుకుని, పిలిచే పేరు వేరుగా పెడుతూ వచ్చారు. అయితే ఈ మాటని ఆవిడతో వాదన గెలవడానికి వాడకండి. జన్మనామం మీరే చూసి చెప్పండి అత్తయ్యా, పూజలకీ సంకల్పానికీ అదే చెప్పుకుందాం అని ఆవిడ చేతిలో పెట్టండి. ఎవరూ పెట్టుకోని పేరు అనే మాటకొస్తే, మన పాత పేర్లు తల్చుకోండి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే ఆ తర్వాతి బిడ్డని ఎంగిలి విస్తట్లోనో పెంట మీదో దొర్లించి పుల్లయ్య, పెంటమ్మ అని పెట్టుకున్నారు, ఎలాగైనా బతకాలని. మా నాయనమ్మ పిచ్చమ్మ. ఆ పేరు వెనక ఎంత భయం, ఎంత ప్రేమ ఉన్నాయో నాకు పెద్దయ్యాక తెలిసింది. మీ మామగారి వైపు అలాంటి పేర్లు తప్పకుండా ఉంటాయి, అత్తయ్యనే అడగండి. మీ నాన్నగారు ఆస్పత్రికి తడిసి వచ్చిన సంగతి కూడా ఆవిడకి మొత్తం చెప్పారా? ఉత్తరంలో ఆ ఊసు లేదు. చెప్పకపోతే ముందు అది చెప్పండి. "నా ఇష్టం" అనే మాట కంటే అది ఆవిడకి బాగా తగులుతుంది.

రికార్డుల్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు అన్నారు చూడండి, అది మాత్రం వద్దు. పేరు మీద ఇంత మనసుంటే దాన్ని దాచి పెంచడం ఎందుకు? పైగా 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడికైనా పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారం, అందులో పడిన పేరే ఆ తర్వాత అన్నిచోట్లా నడుస్తుంది. తొందరేం లేదు. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదైతే చాలు, పేరు గడి ఖాళీగా ఉన్నా పన్నెండు నెలల్లోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. పాప పుట్టింది పల్నాడులో కాబట్టి ఆ పని అక్కడి ఆఫీసులోనే, చెన్నైలో కాదు. మీ నాన్నగారికి చెప్పి ఉంచండి.

ఇంగ్లిషు స్పెల్లింగ్‌లో టీ పక్కన హెచ్ పెట్టండి, లేకపోతే చెన్నైలో టొలకరి అయిపోతుంది. పాప ఆధార్ చెన్నైలో తీయిస్తే తమిళంలో కూడా పేరు పడుతుంది. అక్కడ ఒక్క క రాస్తే తొలగరి అని చదువుతారు. రెండు క లు రాయిస్తే తొలక్కరి అవుతుంది, మన పలుకుకి అదే దగ్గర. కంప్యూటర్ ముందున్న అబ్బాయి ఎలా కొట్టాడో, తమిళం చదవడం వచ్చినవాళ్ల చేత పైకి చదివించుకుని, ఆ తర్వాతే సరే అనండి.