డీబగ్ ఫైల్లో లాక్ ఎంతవరకు

బరంపురం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

రాయగడ నుంచి నువ్వు పంపిన జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) డ్రైవర్ ప్యాచ్ (కోడ్ మార్పు) చదివాను. డీబగ్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లలో (లినక్స్ కెర్నల్ తన లోపలి స్థితిని చూపించే ఫైళ్లు) లాకులు (ఒక డేటాను ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా వేసే తాళాలు) తగ్గించాలన్న ఆలోచన మంచిదే గానీ, గంపగుత్తగా తీసేశావు. అలా కాదు. ప్రతి ఫైలు దగ్గరా ఆ లాక్ దేన్ని కాపాడుతోందో ముందు రాసుకో.

జీపీయూ బిగుసుకుపోయినప్పుడే ఈ ఫైళ్లతో అసలు పని. అప్పటికి డ్రైవర్ పెద్ద మ్యూటెక్స్‌ను (ఒక రకం లాక్) పట్టుకున్న థ్రెడ్ జీపీయూ కోసం కాచుకుని ఉంటే, క్యాట్ (ఫైలు చదివే కమాండ్) కొట్టిన నువ్వు దాని వెనకాల ఇరుక్కుంటావు. రైళ్లు ఆగిపోయిన రోజే ఎంక్వయిరీ కిటికీ మూసేసినట్టు! ఎదురుచూపును మధ్యలో ఆపనిచ్చే ఇంటరప్టిబుల్ రకం లాక్ వాడితే కంట్రోల్-సీ కొట్టి బయటపడొచ్చు, అంతే, సమాచారం రాదు.

ఒక్క పూర్ణాంకం చదవడానికి లాక్ దండగ. లాక్ వదిలిన మరుక్షణం ఆ విలువ పాతబడుతుంది. రీడ్ వన్స్ (విలువను ఒక్కసారే చదివించే మాక్రో) చాలు. 64 బిట్ల కౌంటర్‌ను 32 బిట్ల మెషీన్ రెండు ముక్కలుగా చదవొచ్చు కాబట్టి దాన్ని ముక్కలు కాకుండా చదివే అటామిక్64 రకంగా మార్చు. రెండు విలువలకు పొంతన ఉండాలంటే మాత్రం లాక్ ఉంచు.

రిజిస్టర్లకు (చిప్ లోపలి విలువల గళ్లు) కావలసింది రన్‌టైమ్ పీఎం రిఫరెన్స్, అంటే చిప్‌ను నిద్రపోనివ్వని పట్టు. చిప్ నిద్రలో ఉంటే ఏ మ్యూటెక్స్ పట్టుకున్నా చెత్తే వస్తుంది, చాలాసార్లు అన్ని బిట్లూ 1గా. ఇండెక్స్ రాసి డేటా చదివే జంట రిజిస్టర్ల లాక్ జోలికి మాత్రం పోకు.

చిక్కంతా లిస్టులతోనే. లాక్ లేకుండా నడిస్తే కాళ్ల కిందే ఆబ్జెక్ట్ ఫ్రీ అయిపోతుంది (దాని మెమరీ వెనక్కి పోతుంది). లిస్టు లాక్ కింద కేరెఫ్ గెట్ అన్‌లెస్ జీరోతో (వాడకం లెక్క సున్నా కాకపోతేనే పట్టు ఇచ్చే ఫంక్షన్) రిఫరెన్సులు తీసుకుని, లాక్ వదిలాకే ప్రింట్ చెయ్యి. రిఫరెన్స్ వదలడమూ బయటే. చివరి రిఫరెన్స్ వదిలినప్పుడు నడిచే రిలీజ్ ఫంక్షన్ అదే లాక్ అడగొచ్చు. లోపలే ప్రింట్ చేస్తే ఏమవుతుందంటే, సీక్ ఫైల్ (నువ్వు ప్రింట్ చేసింది పోగుచేసే కెర్నల్ భాగం) బఫర్ ఒక పేజీతో మొదలవుతుంది, సాధారణంగా 4096 బైట్లు. చాలకపోతే దాన్ని పారేసి, రెట్టింపు బఫర్‌తో ప్రింట్ చేసే నీ షో ఫంక్షన్‌ను మళ్లీ మొదటి నుంచి పిలుస్తుంది. 20,000 బైట్లు ప్రింట్ చేసే షోకి 4 సార్లు లాక్ పట్టినట్టు లెక్క. సింగిల్ ఓపెన్ సైజ్ ఫంక్షన్‌తో ముందే పెద్ద బఫర్ అడుగు.

రాసే ఫైళ్లలో కాపీ ఫ్రమ్ యూజర్ (యూజర్ ప్రోగ్రామ్ ఇచ్చిన డేటాను కెర్నల్‌లోకి తెచ్చేది) లాక్‌కు ముందే జరగాలి. అక్కడ పేజ్ ఫాల్ట్ (తాకిన పేజీ మెమరీలో సిద్ధంగా లేకపోవడం) వచ్చి, ఫాల్ట్ హ్యాండ్లరూ అదే లాక్ కోసం వస్తే డెడ్‌లాక్, ఇక ఏదీ ముందుకు కదలదు.

ప్రూవ్ లాకింగ్ (లాకుల తప్పులు పట్టేది), కేసాన్ (మెమరీ తప్పులు పట్టేది) రెండూ ఆన్ చేసి, జీపీయూకి లోడ్ పెట్టి, మధ్యమధ్య సస్పెండ్ చేస్తూ అన్ని ఫైళ్లనూ రాత్రంతా లూపులో చదివించు. వానాకాలం కరెంటు సంగతి తెలిసిందేగా, నెట్‌కన్సోల్‌తో (కెర్నల్ సందేశాలను నెట్‌వర్క్ మీద పంపేది) లాగ్‌ను బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌కు పంపుకో. ఫైలుకొక ప్యాచ్‌గా విడగొట్టి మళ్లీ పంపు. ఏది తేడా చేసినా బైసెక్ట్ (తప్పు తెచ్చిన ప్యాచ్‌ను సగాలు చేస్తూ వెతికే పద్ధతి) నేరుగా దాని మీదే వేలు పెడుతుంది.

ఆశీస్సులతో,
అన్నయ్య