మెయిన్‌ఫ్రేమ్‌లో డెఫినిషన్లు చేర్చే పనితో ఎదగొచ్చా?

ప్రశ్న: ఇంజినీరింగ్ అయ్యాక మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) సపోర్ట్ టీమ్‌లో చేరాను. కొత్త డిస్కులకు, ట్రాన్సాక్షన్లకు కాన్ఫిగరేషన్ డెఫినిషన్లు (వాటి వివరాలను సిస్టమ్‌కు తెలిపే ఎంట్రీలు) చేర్చడమే నా పని. స్నేహితులంతా క్లౌడ్, ఏఐ అంటున్నారు. నాది గుమస్తా పనిలా అనిపించి టెన్షన్‌గా ఉంది. మానేసి వేరే కోర్సు చేయనా?

జవాబు: ఇప్పుడే మానేయకండి. టికెట్‌లో ఇచ్చిన విలువలు తెర మీద నింపి ఎంటర్ నొక్కడంతోనే మీ పని అయిపోతుంటే మాత్రం, మీ భయం నిజమే. ఆ డెఫినిషన్ ఎక్కడ నిల్వ అవుతుంది, ఎప్పుడు అమల్లోకి వస్తుంది, తేడా వస్తే ఎలా వెనక్కి తీసుకోవాలి అన్నది ఎవరినీ అడగకుండా చెప్పగలిగితే సిస్టమ్ ప్రోగ్రామర్ (మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌ను ఏర్పాటుచేసి నడిపే నిపుణుడు) దారిలో పడ్డట్టే.

ట్రాన్సాక్షన్లను నడిపే సాఫ్ట్‌వేర్ సీఐసీఎస్‌నే తీసుకోండి. అందులోని సీఈడీఏ అనే టూల్‌తో ఒక ట్రాన్సాక్షన్‌ను డిఫైన్ చేస్తే అది డెఫినిషన్లను దాచే సీఎస్‌డీ ఫైల్లో చేరుతుంది, అంతే. ఇన్‌స్టాల్ చేసేదాకా నడుస్తున్న రీజియన్‌కు (సీఐసీఎస్ కాపీకి) దాని సంగతే తెలియదు. ఇన్‌స్టాల్ చేశాక కూడా, ఆ డెఫినిషన్ ఉన్న గ్రూపు స్టార్టప్ లిస్టులో లేకపోతే తర్వాతి కోల్డ్ స్టార్ట్‌తో (పాత స్థితిని పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టినప్పుడు) అది కనిపించకుండా పోతుంది.

హార్డ్‌వేర్ వైపు ఇంకా జాగ్రత్త కావాలి. కొత్త కంట్రోల్ యూనిట్ (డిస్కులను నడిపే పరికరం) చేర్చాలంటే హార్డ్‌వేర్‌ను డిఫైన్ చేసే హెచ్‌సీడీ టూల్‌లో వర్క్ ఐఓడీఎఫ్‌ను (ఆ డెఫినిషన్లు ఉండే ఫైల్ పని ప్రతిని) మార్చి, దాని నుంచి ప్రొడక్షన్ ఐఓడీఎఫ్ తయారుచేస్తారు. యాక్టివేట్ కమాండ్‌ను ముందు టెస్ట్ ఆప్షన్‌తో ఇస్తే, ఏదీ మారకుండానే ఆ మార్పు కుదురుతుందో లేదో సిస్టమ్ చెప్పేస్తుంది. ఆ తర్వాత అసలు యాక్టివేట్ చేస్తారు, డిస్కులు ఆన్‌లైన్‌కు వస్తాయి, టికెట్ మూసేస్తారు. కానీ సిస్టమ్ లేచేటప్పుడు ఏ ఐఓడీఎఫ్ వాడాలో చెప్పే లోడ్ మెంబర్ పాత ఐఓడీఎఫ్‌నే చూపిస్తూ ఉండిపోతే? ఎప్పుడో నెలల తర్వాత ఐపీఎల్ (సిస్టమ్ రీస్టార్ట్) చేసినప్పుడు సిస్టమ్ పాత కాన్ఫిగరేషన్‌తోనే లేస్తుంది. అప్పుడు ఆ డిస్కులు ఏమయ్యాయో ఎవరికీ అంతుపట్టదు. ఇలాంటి చోటు ముందే పసిగట్టే మనిషి కోసమే టీమ్‌లు వెతుకుతాయి. ఇంటర్వ్యూల్లో నేనైతే ఇదే అడుగుతాను.

కాబట్టి ప్రతి మార్పుకూ ముందు మూడు విషయాలు రాసి పెట్టుకోండి: దీని మీద ఆధారపడినవి ఏవి, సరిగ్గా పడిందని ఏ డిస్‌ప్లే కమాండ్‌తో చూస్తాను, వెనక్కి ఎలా వెళ్తాను. టెస్ట్ ఎల్‌పార్‌లో (మెషిన్‌లో పరీక్షల కోసం విడిగా నడిచే భాగంలో) ఒక మార్పును మొదటి నుంచి చివరిదాకా మీకే అప్పగించమని సీనియర్‌ను అడగండి. మొహమాటపడొద్దు, అడిగినవాళ్లకే పని దొరుకుతుంది.

తెరలు నింపే పని క్రమంగా ఆటోమేషన్‌కు వెళ్లిపోతోంది. జేసీఎల్ (జాబ్‌లు నడిపే భాష), రెక్స్ (స్క్రిప్టింగ్ భాష) బాగా పట్టుబడ్డాక జడ్‌ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) కోసం వచ్చిన యాన్సిబుల్ అనే ఆటోమేషన్ టూల్ మాడ్యూల్స్, మెయిన్‌ఫ్రేమ్‌ను కొత్త తరం టూల్స్‌తో వాడనిచ్చే జోవీ నేర్చుకోండి. క్లౌడ్‌లో మీ స్నేహితులు కాన్ఫిగరేషన్‌ను కోడ్‌గా రాసినట్టే మీరూ ఇక్కడ రాస్తారు. రేపు అటు మారాలనుకున్నా ఈ అనుభవం వృథా కాదు. సాధనకు ఐబీఎం జడ్ ఎక్స్‌ప్లోర్ అనే ఆన్‌లైన్ శిక్షణ ఉచితంగా దొరుకుతుంది.

ఏడాది గడిచినా టికెట్ తెరలు తప్ప మరేదీ ముట్టుకోనివ్వకపోతే టీమ్ మారండి. ఇంకో మాట. ప్రొడక్షన్ మార్పులు ఎక్కువగా రాత్రిళ్లు, వారాంతాల్లోనే జరుగుతాయి. అది మీకు, మీ ఇంటికి సరిపడకపోతే ఈ రంగం వదలడానికి అది సరైన కారణమే. స్నేహితులు వేరే చోట ఉన్నారన్నది మాత్రం కారణం కాదు.