క్షుద్రవిద్యలా, గుహ్యవిద్యలా?

సందేహం: యూదుల రహస్యవిద్య కబాలా, హెర్మిస్ అనే ప్రాచీన జ్ఞాని పేరున ఉన్న గ్రీకు గ్రంథాల మీద నడిచే హెర్మిస్ సంప్రదాయం, ఆల్కెమీల మీద వ్యాసం రాస్తున్నాను. లలితాదేవి ఉపాసన అయిన మన శ్రీవిద్య ప్రస్తావన కూడా ఉంది. అన్నిటినీ కలిపి 'క్షుద్రవిద్యలు' అంటే మా మాస్టారు తప్పన్నారు. 'తాంత్రిక విద్యలు' అనవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: మీ మాస్టారి మాట నిజమమ్మా. క్షుద్రమంటే అల్పం, నీచం. ఆ మాట వాడితే విషయం చెప్పకముందే తీర్పు చెప్పేసినట్టు. మన గోదావరి జిల్లాల్లో చేతబడి, చిల్లంగి అంటారే, వాటికైతే సరిపోతుంది. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన సంగతులూ ఉన్నాయి కాబట్టి ఈ మాటని ఎవరికి పడితే వాళ్లకి అంటగట్టకూడదు. శ్రీవిద్యను ఆ గాటన కట్టడం మరీ అన్యాయం. ద్రాక్షారామం మాణిక్యాంబ గుడిలో లలితా సహస్రనామం చదివేవాళ్లు అమ్మవారిని 'మహాతంత్రా మహామంత్రా మహాయంత్రా' అనే కదా కొలుస్తారు!

ఇక 'తాంత్రిక' అన్నదీ కుదరదు. తంత్రానికి ఆగమాలు, గురువు, దీక్ష, మంత్రం, యంత్రం అని సొంత చట్రం ఉంది. కబాలా పుట్టుక వేరు. దాని ముఖ్య గ్రంథం జోహర్ 13వ శతాబ్దం చివర స్పెయిన్‌లో వెలుగులోకి వచ్చింది. హీబ్రూ అక్షరాల్లో సృష్టి రహస్యం ఉందని కబాలా వాళ్లు నమ్ముతారు. మన తంత్రంలోనూ అక్షరాలు మాతృకలు, అంటే తల్లులు. ఈ పోలిక తప్పకుండా రాయండి, చాలా బావుంటుంది. పేరు మాత్రం కబాలా అనే ఉంచండి.

హెర్మిస్ సంప్రదాయానికీ అంతే. ఆ గ్రంథాలు మోషే కాలంనాటివని యూరప్ పండితులు చాలాకాలం నమ్మారు. అవి క్రీస్తు తర్వాతి రచనలని వాటి గ్రీకు భాషను బట్టే 1614లో కసోబాన్ అనే పండితుడు తేల్చాడు. భాష చదివినవాళ్లకి ఎంత సంతోషం కలిగించే సంగతి!

ఆల్కెమీకి రసవాదం అనొచ్చు. రసమంటే పాదరసం. లోహాన్ని బంగారం చేయాలన్న తపన అక్కడా ఇక్కడా ఒకటే. వేమన కథల్లోని పరుసవేది మనకి తెలిసిందేగా.

అన్నిటికీ కలిపి 'గుహ్యవిద్యలు' అనండి. గుహ్యమంటే రహస్యం. గీత తొమ్మిదో అధ్యాయం పేరే రాజవిద్యా రాజగుహ్య యోగం. కాకపోతే 'గుహ్యం' అని ఒంటరిగా రాయకండి, మర్మావయవమనే అర్థం ముందుకొస్తుంది. 'మార్మికత' (మిస్టిసిజం) వేరు: అది అనుభవానికి సంబంధించినది, దానికి దీక్షే ఉండాలని లేదు. బ్లావట్‌స్కీ, ఆల్కాట్‌లు 1875లో న్యూయార్క్‌లో పెట్టిన థియోసాఫికల్ సొసైటీ ప్రస్తావన వస్తే, 'దివ్యజ్ఞాన సమాజం' అన్న పేరు తెలుగులో ఎప్పుడో స్థిరపడింది, అదే వాడండి.