మోనోలాగ్‌లో రెండో మనిషి ఎక్కడ?

ప్రశ్న: మోనోలాగ్ అంటే స్వగతమేనా? మామూలు మాటల్లోనూ ఆ పదం వాడొచ్చా? ఆడిషన్‌లో రెండు నిమిషాల మోనోలాగ్ చెప్పమన్నారు, ఎలా సిద్ధం కావాలి?

జవాబు: స్వగతం మోనోలాగ్‌లో ఒక రకం మాత్రమే. గ్రీకులో మోనోస్ అంటే ఒంటరి, లోగోస్ అంటే మాట. ఎదురుగా ఎందరున్నా, ఒక్కరే కాసేపు ఏకధాటిగా మాట్లాడితే అది మోనోలాగ్. షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' మూడో అంకంలో సీజర్ శవం దగ్గర నిలబడి ఆంటోనీ రోమ్ జనంతో మాట్లాడేది మోనోలాగే గానీ స్వగతం కాదు. 'హామ్లెట్' మూడో అంకంలో బతకడమా మానడమా అని రాకుమారుడు తనలో తాను తర్కించుకునేది స్వగతం. ఏకపాత్రాభినయం అనేది ప్రదర్శన పేరు, మోనోలాగ్ అందులో చెప్పే మాటల పేరు. పోటీ ప్రకటనల్లో రెండూ కలిపేస్తుంటారు, దానికి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

సంస్కృత నాటకానికి ఈ తేడాలన్నీ ఎప్పుడో తెలుసు. తనలో అనుకునేది స్వగతం, అందరికీ వినపడేలా అనేది ప్రకాశం. ఒకే అంకంలో ఒకే నటుడు నడిపే నాటకం భాణం. అందులో ఆకాశభాషితం అని ఒక పద్ధతి ఉంది. నటుడు శూన్యంలోకి చూసి "ఏమంటున్నావు?" అని అడుగుతాడు, కనపడని మనిషి అన్న మాట తానే తిరిగి చెప్పి దానికి జవాబిస్తాడు. నన్నడిగితే మోనోలాగ్ కిటుకంతా ఇక్కడే ఉంది. రెండో మనిషి ఉన్నాడు, అతని మాటలే ప్రేక్షకులకు వినపడవు.

ఒక ముక్క చూడండి: "ఏడవట్లేదు. జలుబు చేసింది. వద్దు, అక్కడే ఉండు." మొదటి మాటకు ముందు ఎవరో "ఏడుస్తున్నావా?" అన్నారు. "వద్దు"కు ముందు ఎవరో ఒక అడుగు దగ్గరికి వేశారు. ఆ ప్రశ్న చెవిలో పడకుండా, ఆ అడుగు కంట పడకుండా అప్పగించేస్తే మూడు వాక్యాలూ ఎక్కం చదివినట్టు ఉంటాయి.

అందుకే ముందు స్క్రిప్టు మార్జిన్‌లో పెన్సిల్‌తో అవతలి మనిషి మాటలు, కదలికలు రాసుకోండి. ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి వాటిని పైకి చదివించుకుంటూ నాలుగైదు సార్లు చెప్పండి. తర్వాత స్నేహితుణ్ణి లేపేయండి, ఆ ఖాళీలు మాత్రం అలాగే ఉంచండి. ఊహించిన మనిషిని జడ్జీలకు కాస్త పక్కగా, మనిషి కళ్ళ ఎత్తులో ఒకే చోట నిలబెట్టండి. చూపు గదంతా తిరిగితే ఎవరితో మాట్లాడుతున్నారో ఎవరికీ అర్థం కాదు. నేరుగా జడ్జీ కళ్ళలోకి చూస్తూ చెబితే ఆయన రాసుకోవడం మానేసి మీకు ముఖకవళికలతో జవాబివ్వాల్సి వస్తుంది, పాపం.

రెండు నిమిషాలంటే ఇంట్లో గడియారం పెట్టుకుని చెప్పినప్పుడు ఒకటిన్నర నిమిషంలో తేలాలి, అసలు రోజున విరామాలు సాగుతాయి. మొదటి వాక్యమే అరిస్తే తర్వాత ఎక్కడానికి మెట్టు మిగలదు. గొంతు చించుకునే ఘట్టాలనే అందరూ ఎంచుకుంటారు, అది పెద్ద పొరపాటు. జరిగిపోయిన కష్టాలు ఏకరువు పెట్టే ముక్క వద్దు. పాత్రకు అవతలి మనిషి నుంచి ఇప్పుడే ఏదో కావాలి: క్షమాపణో, డబ్బో, తలుపు తియ్యడమో. అడిగే తీరు మారిన ప్రతిచోటా గీత గీసుకోండి, రెండు నిమిషాల్లో అలాంటి మలుపులు మూడు నాలుగు చాలు. చివరి మాట అయ్యాక రెండు సెకన్లు చూపు కదపకండి. "అయిపోయిందండీ" అని నవ్వేస్తే అంతవరకు కట్టినదంతా కూలిపోతుంది.

ఇక మామూలు మాటల్లో ఆ పదం ఎక్కువగా వెటకారానికే పనికొస్తుంది. "గంటసేపు మోనోలాగ్ దంచాడు" అంటే ఇంకొకరికి సందు ఇవ్వలేదని. మనకు ఊకదంపుడు అనే చక్కటి మాట ఉండనే ఉంది. టీవీ టాక్ షో మొదట్లో వ్యాఖ్యాత ఒక్కడే నిలబడి వేసే జోకుల వరసకూ మోనోలాగ్ అనే పేరు, అక్కడ వెటకారం లేదు. ఆడుకుంటూ తమలో తాము మాట్లాడుకునే పిల్లల మాటలకు స్విస్ మనస్తత్వవేత్త పియాజే 1923లోనే ఈ పదం వాడాడు. పక్కపక్కనే కూర్చుని ఎవరి గోల వాళ్ళు చెప్పుకునే పిల్లలది ఆయన లెక్కలో సామూహిక మోనోలాగ్. పెద్దవాళ్ళ మీటింగుల్లోనూ అది బాగానే కనిపిస్తుంది.