కర్ణభేరి కదలికను కొలిచే పరిశోధన: ఈసీఈ అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో ఏడాది. శబ్దానికి కర్ణభేరి ఎలా కంపిస్తుందో లేజర్‌తో కొలిచే పరిశోధన చేస్తానంటోంది. అది డాక్టర్ల పని కదా? బైపీసీ చదవని పిల్లకు సీటెవరిస్తారు? రేపు ఉద్యోగం సంగతేమిటి? టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు బైపీసీ బెంగ వదిలేయండి. చెవి పనితీరు మీద 1961లో వైద్య నోబెల్ అందుకున్న జార్జ్ ఫాన్ బెకెషీ డాక్టర్ కాదు, భౌతికశాస్త్రం మనిషి. బుడాపెస్ట్‌లో టెలిఫోన్ పరిశోధనశాలలో పనిచేస్తూ చెవి మీదికి మళ్లాడు. ఇది మొదటినుంచీ కొలతలు తెలిసినవాళ్ల రంగం.

మనిషి కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదో వంతు. మామూలు మాటలకు అది కదిలేది నానోమీటర్ల లెక్కలో. మత్తిచ్చిన జెర్బిల్ (ఎలుకలాంటిది) లాంటి చిన్న జంతువు చెవిలోనో, దానంగా వచ్చిన మృతదేహాల చెవి ఎముకలోనో చిన్న స్పీకర్‌తో శబ్దం పంపుతారు. పొర దగ్గర సన్నటి గొట్టమున్న మైక్ ఒత్తిడిని కొలుస్తుంది. పొర మీద పడి వెనక్కొచ్చిన లేజర్ కాంతి పౌనఃపున్యంలో తేడాను బట్టి వేగం తెలుస్తుంది. వేగాన్ని ఒత్తిడితో భాగిస్తే వచ్చేది, మీ అమ్మాయి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో చదివిన ట్రాన్స్‌ఫర్ ఫంక్షనే, అంటే లోపలికి పంపినదానికి బయటికి వచ్చినదెంతో చెప్పే నిష్పత్తి. పొరంతా ఒక్క పలకలా ఊగదని 1972లో ఖన్నా, టోన్‌డార్ఫ్ అనే పరిశోధకులు పిల్లి చెవుల మీద హోలోగ్రఫీతో (లేజర్‌తో పొరంతటి కదలికనూ చిత్రంగా పట్టే పద్ధతి) చూపించారు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ అది ముక్కలుముక్కలుగా కదులుతుంది. అందుకే ఒక్క చుక్క దగ్గర కొలిస్తే సరిపోదు.

ఒక జాగ్రత్త. 'చెవి' అనగానే ఆడియాలజీలో (వినికిడి లోపాలను పరీక్షించి సాయం చేసే వృత్తి) చేర్చమని సలహాలిచ్చేవాళ్లుంటారు. మైసూరులోని వినికిడి, మాట సంస్థ ఐష్ లాంటి చోట ఎమ్మెస్సీ ఆడియాలజీకి ముందు బీఏఎస్ఎల్పీ (ఆడియాలజీ, స్పీచ్ డిగ్రీ) ఉండాలి, బీటెక్‌తో కుదరదు. పైగా అది రోగులతో కూర్చునే వృత్తి. తనకు ఇష్టం అదే అయితే మాట వేరు.

తనకు సరైన దారి గేట్ రాసి బయోమెడికల్ వైపు ఎంటెక్, తర్వాత పీహెచ్‌డీ. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉంది. విదేశాల్లో అయితే హార్వర్డ్‌లో వినికిడి, మాట మీద ప్రత్యేకంగా పీహెచ్‌డీ ప్రోగ్రామే ఉంది. స్టైపెండ్ వచ్చే పీహెచ్‌డీకే ప్రయత్నించమనండి. దీనికోసం అప్పుచేసి ఎమ్మెస్‌కు పంపడం నాకు నచ్చదు. ఇక ఉద్యోగం అంటారా, 'కర్ణభేరి నిపుణులు కావలెను' అని ప్రకటన పడదు. కానీ హియరింగ్ ఎయిడ్లు, మైక్రోఫోన్లు చేసే కంపెనీల్లో, కార్ల శబ్దం తగ్గించే విభాగాల్లో కంపనాలు కొలవడం వచ్చినవాళ్లకు పని ఉంటుంది.

జంతువులతో పని చేయగలదా అన్నది మాత్రం ఇప్పుడే అడగండి. చాలామంది ల్యాబ్‌లో చేరాక గాని దాని గురించి ఆలోచించరు. తనవల్ల కాదంటే కంప్యూటర్ మోడలింగ్ ఉంది. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ ఫనెల్ 1978 నాటికే పిల్లి కర్ణభేరికి అలాంటి మోడల్ కట్టారు.

ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కోకుండా ఇది చేయమనండి. పీవీసీ గొట్టం మూతికి బెలూన్ రబ్బరు బిగించి, దానిమీద చిన్న అద్దం ముక్క అతికించి, లేజర్ పాయింటర్ కాంతిని దానిమీంచి ఫోటోడయోడ్ (కాంతిని కరెంటుగా మార్చే పరికరం) మీదికి మళ్లించాలి (కళ్లలో పడకుండా). రెండో వైపునుంచి స్పీకర్‌తో పౌనఃపున్యం మారుస్తూ కొలవాలి. అద్దం బరువెక్కితే పొర కదిలే తీరే మారిపోతుంది. కాంతి బాగా వెనక్కి రావడానికి కర్ణభేరి మీద సన్నటి గాజు పూసలు వేసే ల్యాబుల్లోనూ ఇదే తలనొప్పి. రెండు మూడు బరువుల అద్దాలతో కొలిచి, ఆ గ్రాఫ్‌లు ప్రొఫెసర్లకు రాసే మెయిల్‌కు జతచేయమనండి.