సకినం కొరికితే పన్ను విరిగింది

ప్రశ్న: సంక్రాంతికి అత్తమ్మ చేసిన సకినం కొరికితే ముందుపన్ను మూల విరిగింది. నొప్పి లేదు కానీ చన్నీళ్లు తాగితే జివ్వుమంటోంది. ముక్క దాచాను. పన్ను పీకేస్తారేమోనని టెన్షన్‌!
- ఒక పాఠకురాలు, కరీంనగర్‌

జవాబు: పీకరమ్మా. ముక్కను ఎండనివ్వకుండా పాలలో వేసి తీసుకెళ్లండి. సరిగ్గా కుదిరితే దాన్నే అతికిస్తారు, లేకపోతే కాంపోజిట్‌ అనే పంటి రంగు ఫిల్లింగ్‌తో మూల కడతారు. చాలావరకు ఒక్క పూట పనే. జివ్వుమంటోందంటే ఎనామిల్‌ అనే పైపొర కింది డెంటిన్‌ పొర బయటపడి ఉంటుంది, నాన్చకండి. విరిగినచోట ఎర్రచుక్క కనిపిస్తే మాత్రం పంటి లోపలి నరం బయటపడినట్టు, ఆ రోజే వెళ్లాలి, రూట్‌ కెనాల్‌ అవసరం పడొచ్చు. ఇంట్లో అతికించుకోవద్దు. ఒకాయన సూపర్‌ గ్లూ పెట్టుకొచ్చాడు, గీకడానికే నాకు గంట పట్టింది! మిగిలిన సకినాలా? చాయ్‌లో నానబెట్టి, దవడపళ్లతో తినండి.